ఓడరేవులో ఏడు రోజులు



విహారయాత్ర విశ్వాసికి తగునా అన్న ప్రశ్న మన సంఘములలో అప్పుడప్పుడు వస్తూనే ఉంటుంది. వానలు లేక వేరుశనగ ఎండిపోయిన సంవత్సరము ఆ మాట ఎత్తితే పెద్దలు కోప్పడతారు. ఆ కోపములో న్యాయము లేకపోలేదు. అయినా 2019 జనవరిలో మా సంఘమునుండి 22 మందిమి చెన్నైలో ఓడ ఎక్కి, అండమాను దీవులకు వెళ్ళి, దేవుని కృపనుబట్టి క్షేమముగా తిరిగి వచ్చాము. అక్కడ మేము చూసిన సంగతులు, మేము చేసిన ఒక పొరపాటు, ప్రభువు దానిని సరిదిద్దిన విధము మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఓడ ఎక్కాలన్న కోరిక

దీనికి మొదలు 2016 క్రిస్మసు దినములలో పడింది. మా సంఘములో పుట్టి పెరిగి, అమెరికాలో నర్సుగా పనిచేస్తున్న ఒక సహోదరి సెలవులకు ఇంటికి వచ్చింది. అక్కడి సంఘములవారు కుటుంబాలతో కలిసి పెద్ద ఓడలో కరీబియను సముద్రములో వారము రోజులు తిరిగి వస్తారని, ఉదయము ఓడ పైకప్పు మీద ప్రార్థన, సాయంత్రము పాటలు, వాక్యము, మధ్యలో ఒక్కొక్క దినము ఒక్కొక్క దీవి రేవులో దిగి చూడడము ఉంటాయని చెప్పింది. గ్వాడెలూప్ అనే దీవిలో తాను దిగిన బొమ్మలు ఫోనులో చూపించింది. నీలి నీళ్ళు, రంగు రంగుల ఇళ్ళు, తాటాకు బుట్టలు అమ్మే ఒక ముసలమ్మ. మా యౌవనస్థుల కళ్ళు ఆ బొమ్మలమీదనే నిలిచిపోయాయి. "అయ్యగారూ, మనమూ ఒకసారి ఓడెక్కుదాము" అన్నారు.

కరీబియను మనకు అందనిది. కాని మన తూర్పు దిక్కున బంగాళాఖాతము ఉంది. పుత్తూరులో రైలు ఎక్కితే పూట తిరిగేలోగా చెన్నై. అక్కడినుండి పోర్ట్ బ్లెయిరుకు ప్రభుత్వము నడిపే ప్రయాణికుల ఓడ నెలలో కొన్నిసార్లు బయలుదేరుతుంది. ఎక్కువ ఖర్చు భరించలేనివారికి బంకు తరగతి కూడ ఉంది. పెద్దలు ఆలోచించి ఒప్పుకున్నారు. వెళ్ళదలచినవారు నెలనెలా కొంత సొమ్ము కోశాధికారి వద్ద దాచుకోవాలని, స్త్రీల సమాజము వారి పిడికెడు బియ్యపు కానుకను గాని, కోతకాలపు పండుగ కానుకను గాని ఇందుకు ముట్టరాదని తీర్మానించాము. ఈ విధముగా రెండు సంవత్సరములు గడిచాయి.

టిక్కెట్లు తీసుకునే నెలలో మా ఇంటికి ఒక విధవరాలు వచ్చింది. పుత్తూరు దగ్గర పల్లెలో ఒకటిన్నర ఎకరము మెట్ట, రెండు ఆవులు ఆమె ఆస్తి. ఆమె కుమారుడు 2010లో బోర్లు వేయడానికి అప్పు చేశాడు. రెండు బోర్లు ఎండిపోయాయి. మూడవ బోరుకు తల్లికి చెప్పకుండ ఆమె చెవి కమ్మలు కుదువ పెట్టాడు. అందులోనూ దుమ్మే లేచింది. ఇంట్లో మాటా మాటా పెరిగింది. అతడు ఒక మేస్త్రి వెంట బేల్దారి పనికి పోర్ట్ బ్లెయిరుకు వెళ్ళిపోయాడు. మొదట డబ్బు పంపాడు, ఫోను చేశాడు. 2013 తరువాత అతని జాడ లేదు.

"అయ్యగారూ, నేను ఊర్లు చూసేదానికి అడగలేదు. నా బిడ్డ ఉండాడో లేడో చూసుకునేదానికి నన్నూ పిల్చకపోండి" అని ఆమె అడిగింది.

మేము ఏమన్నామో దాచకుండ చెబుతాము. రెండేళ్ళు డబ్బు కట్టినవారికే ఏర్పాటు చేశామని, ఒకరికి మినహాయింపు ఇస్తే పదిమంది అడుగుతారని, అంత పెద్ద ఊరిలో మనిషిని వెదకడము మావల్ల కాదని అన్నాము. ఆమె మారు మాట్లాడలేదు. కొంగు సర్దుకొని వెళ్ళిపోయింది. ఆ సంగతి ఎలాగో తెలిసి, నలభై ఏళ్ళుగా సండేస్కూలు నడిపిన మా టీచరమ్మ మరుసటి ఆదివారము మా దగ్గరికి వచ్చి, "నాకు మోకాళ్ళ నొప్పులు. ఓడ మెట్లు ఎక్కలేను. నా డబ్బుతో ఆమెకు టిక్కెట్టు తీయండి" అన్నారు. టీచరమ్మ మోకాళ్ళు అంతకు ముందు వారము వరకు బాగానే ఉండేవి.

మూడు రాత్రులు నీటిమీద

జనవరి 18 శుక్రవారము సాయంత్రము ఓడ చెన్నై రేవు విడిచింది. పోర్ట్ బ్లెయిరు సుమారు 1,200 కిలోమీటర్ల దూరము. దాదాపు అరవై గంటల ప్రయాణము. బంకు తరగతి అంటే ఒక పెద్ద హాలు. రైలులో మాదిరి కిందా మీదా పడకలు, వరుసలు వరుసలుగా వందలమంది. మొదటి రాత్రి మా వారిలో సగముమందికి తల తిరిగి వాంతులయ్యాయి. శొంఠి ముక్కలు, నిమ్మకాయలు, ఇంటినుండి తెచ్చుకున్న ఊరగాయ అక్కరకు వచ్చాయి. రెండవ దినమునకు కొంత తేరుకున్నాము. పైకి వెళ్ళి చూస్తే నాలుగు దిక్కులా నీళ్ళే. తీరము దగ్గర ఆకుపచ్చగా ఉన్న నీరు నల్లనేరేడు పండు రంగుకు మారింది. ఓడ పక్కనుండి చిన్న చేపలు పక్షులవలె ఎగిరి, కొంత దూరము పోయి, మళ్ళీ నీటిలో పడుతున్నాయి. ఓడలలో సముద్రము దాటేవారు దేవుని కార్యములను కన్నులార చూస్తారని 107వ కీర్తన ఎందుకు చెప్పిందో మాకు అప్పుడు తెలిసింది.

ఉదయము, సాయంత్రము పైకప్పు మీద ఒక మూల కూర్చుని పాటలు పాడి వాక్యము ధ్యానించాము. అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయములు తీసుకున్నాము. పౌలు ఎక్కిన ఓడలో ఉన్నవారు 276 మంది. తుపాను చేత ఓడ బద్దలై అందరూ మెలితే ద్వీపమున ఒడ్డుకు చేరారు. చలి, వాన. ఆ దీవి ప్రజలు వీరు ఎవరని గాని, ఎందుకు వచ్చారని గాని అడగకుండ నిప్పు రాజబెట్టి అందరినీ చేర్చుకున్నారు. అప్పుడు పౌలు ఏమి చేశాడు? సంకెళ్ళలో రోముకు పోతున్న ఖైదీ, వృద్ధుడు, అపొస్తలుడు. ఆయన పోయి పుల్లలు ఏరి మోపు కట్టి తెచ్చి ఆ నిప్పుమీద వేశాడు. "ద్వీపములో దిగినవాడు నిప్పు కాచుకొని ఊరుకోకూడదు, పుల్లలు కూడ ఏరాలి" అని మేము ప్రసంగించాము. అందరూ ఆమేన్ అన్నారు.

ఆ విధవరాలు మాత్రము ప్రసంగము వినడానికి పైకి రాలేదు. తన పడక పక్కన కూర్చుని ఉంది. ఆ హాలులో శ్రీకాకుళము వైపు కూలివారు చాలామంది ఉన్నారు. తాపీ పని, సెంట్రింగు పని, చేపల పని చేసుకునేవారు. ఆమె తన దగ్గర ఉన్న పాత ఫొటోను ఒక్కొక్కరికీ చూపించి అడుగుతోంది. వాళ్ళు తమ టిఫిను డబ్బాలోని అన్నము ఆమెకు పెట్టారు. "భయపడకు పిన్నీ, మనోళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. జంగ్లీఘాట్‌లో అడుగు, డాలీగంజ్‌లో అడుగు" అని దారి చెప్పారు. పైన మేము మెలితే ప్రజల దయనుగూర్చి చెప్పుకుంటుండగా, కింద ఆ దయ జరుగుతోంది.

దీవిమీద

సోమవారము ఉదయము పోర్ట్ బ్లెయిరులో హాడో రేవున దిగాము. 2024 సెప్టెంబరులో ఆ పట్టణానికి శ్రీ విజయపురమని పేరు మార్చారు. మేము వెళ్ళినప్పుడు ఇంకా పాత పేరే. మన గడియారమే అక్కడా నడుస్తుంది గాని, ఆ దీవులు మనకు చాలా తూర్పున ఉండడముచేత సూర్యుడు మనకంటె సుమారు యాభై నిమిషములు ముందు ఉదయిస్తాడు, ముందు అస్తమిస్తాడు. సాయంత్రము అయిదున్నరకే చీకటి. చీకటి పడితే కోళ్ళను మూసే మన పల్లెవారికి తొందరగా ఆకలి వేసింది.

వీధిలోకి వెళితే బెంగాలీ, హిందీ, తమిళము, తెలుగు అన్నీ వినిపిస్తాయి. 2011 జనాభా లెక్కలలో ఆ దీవుల జనము 3,80,581. వారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. నూటికి 21 మంది క్రైస్తవులు. పరదేశమనుకుని దిగిన మాకు టీ అంగడిలో "ఎన్ని టీలండి?" అన్న మాట ఎదురైంది.

మంగళవారము సెల్యులర్ జైలు చూశాము. 1857 తిరుగుబాటు తరువాత బ్రిటిషువారు 1858 మార్చి 10న రెండు వందలమంది ఖైదీలను తెచ్చి ఇక్కడ దించారు. ఆ మొదటి ఖైదీలు అడవి నరికి, రోడ్డు వేసి, ఇళ్ళు కట్టారు. 1896లో ఈ జైలు కట్టడము మొదలై 1906లో ముగిసింది. నడుమ ఒక గోపురము, చుట్టూ చక్రపు ఆకులవలె ఏడు వరుసల కొట్లు. ఒక వరుస వాకిళ్ళు మరొక వరుస వీపులను చూసేలాగు కట్టారు. పక్క కొట్టులోని మనిషి ముఖము కనబడదు. మనిషిని మనిషికి కనబడకుండ చేయడమే అక్కడి శిక్ష. ఎద్దుల స్థానములో మనుష్యులను గానుగకు కట్టి నూనె తీయించారు. 1933లో నిరాహార దీక్ష చేసి కొందరు ప్రాణములు విడిచారు. ఏడు వరుసలలో ఇప్పుడు మూడు మిగిలాయి. 1979లో దానిని జాతీయ స్మారకముగా అంకితము చేశారు. మా పిల్లలు ఒక కొట్టులో దూరి తలుపు మూసుకొని చూశారు. నవ్వుతూ లోపలికి వెళ్ళారు, నవ్వకుండ బయటికి వచ్చారు.

ఆ రెండు దినములూ ఆ తల్లి మమ్మల్ని ఒకే మాట అడిగింది. "అయ్యగారూ, ఎప్పుడు పోదాము?" "ఆదివారము తెలుగు ఆరాధనకు వెళతాము గదా అమ్మా, అక్కడ ప్రకటన చేయిద్దాము" అని మేము చెప్పాము. బుధవారము ఉదయము చూస్తే ఆమె బసలో లేదు. ఒక్కతే అబర్డీను బజారుకు నడిచి పోయి, పనికోసము నిలబడే కూలివారి మధ్య ఫొటో పట్టుకొని నిలబడి ఉంది. హిందీ రాదు. చెప్పులు కూడ లేవు.

కప్పు లేని మందిరము

గురువారము పడవలో రాస్ ద్వీపమునకు వెళ్ళాము. నెల కిందటనే, 2018 డిసెంబరు 30న, దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టారు. ఎనభై ఏళ్ళకు పైగా బ్రిటిషు అధికారులు ఈ చిన్న దీవినుండి అండమానులను ఏలారు. కమీషనరు బంగళా, రొట్టెల బట్టీ, ముద్రణాలయము, నాట్యశాల, ఈతకొలను అన్నీ ఖైదీల చెమటతో ఇక్కడ లేచాయి. 1941 జూనులో పెద్ద భూకంపము వచ్చింది. మరుసటి సంవత్సరము జపాను సైన్యము దిగింది. తెల్లవారు వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ గోడలను మర్రిజాతి వేళ్ళు కొండచిలువలవలె చుట్టుకొని నిలబెడుతున్నాయి. మధ్యలో జింకలు, నెమళ్ళు తిరుగుతున్నాయి.

గుట్టమీద ప్రెస్బిటేరియను దేవాలయము ఉంది. రాతి గోడలు, కిటికీల కమానులు మిగిలాయి. పైకప్పు లేదు. అక్కడ నిలబడి ప్రార్థన చేద్దామని మేమంతా తల వంచాము. మాట రాలేదు. ఈ మందిరములో ప్రతి ఆదివారము పాటలు పాడి ఉంటారు, వాక్యము చదివి ఉంటారు. నీటికి ఆవల గానుగ తిప్పుతున్న మనుష్యుల సంగతి వారి ప్రార్థనలోకి ఎన్నిసార్లు వచ్చిందో! అలా అనుకుంటుండగానే మా మనస్సే మమ్మును గద్దించింది. బసలో ఒక తల్లిని విడిచి, టిక్కెట్టు కొని, కూలిన గుడి చూడడానికి వచ్చింది ఎవరు? ఓడమీద పుల్లలు ఏరమని చెప్పినవారము మేమే, ఏరనివారమూ మేమే.

తిరుగు పడవకోసము రేవులో కూర్చుని ఉండగా ఒక నికోబారు సహోదరుడు పరిచయమయ్యాడు. కారు నికోబారులోని మూస్ గ్రామమువాడు. తమ సంఘచరిత్ర చెప్పాడు. ఆ దీవికి సువార్త తెచ్చినవారిలో ముందుగా చెప్పవలసినది మన మద్రాసు రాష్ట్రపు వేదప్పన్ సాలమన్ అనే ఉపదేశి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరములలో ఆయన అక్కడ బడి పెట్టాడు. 1865లో మిలియస్ దొర జర్మనీనుండి మన దక్షిణాంధ్రకు వచ్చి పని మొదలుపెట్టిన సంగతి మనము ఏటేటా చెప్పుకుంటాము. మన వైపునుండి సముద్రము దాటి వెళ్ళిన ఈ ఉపదేశి పేరు మాకు అంతవరకు తెలియదు. ఆయన శిష్యుడే జాన్ రిచర్డ్‌సన్. బర్మాలోని మాండలేలో చదివి, తిరిగి వచ్చి, తన జనులకు ఉపాధ్యాయుడు, తరువాత పాదిరి అయ్యాడు. కొత్త నిబంధనను తన భాషలోనికి తెచ్చాడు. జపానువారి కాలములో ఘోరమైన శ్రమలు పడ్డాడు. 1950లో బిషపు అయ్యాడు. స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభలో ఆ దీవుల ప్రతినిధి ఆయనే. 1978లో ప్రభువునందు నిద్రించాడు.

ఆ సహోదరుడు 2004 డిసెంబరు 26 ఉదయమునుగూర్చి కూడ చెప్పాడు. క్రిస్మసు మరుసటి దినము, ఆదివారము. భూమి కంపించింది. సముద్రము లేచి తీరములోని పల్లెలను తుడిచివేసింది. ఆ అలలే మన నెల్లూరు తీరమునూ తాకాయి. నికోబారువారు తుహెత్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబములుగా జీవిస్తారు. "ఎత్తు ప్రదేశమునకు చేరినవారము రాత్రి చీకటిలో మా తుహెత్ వారి పేర్లు ఒక్కొక్కటే పిలిచాము. జవాబు రాని పేరు దగ్గర ఆగి మళ్ళీ పిలిచాము. మూడు రాత్రులు అలాగే పిలిచాము" అన్నాడు.

పడవ వచ్చింది. మాలో ఎవరూ మాట్లాడలేదు.

పేరు పట్టి పిలవడము

శుక్రవారము హావ్‌లాక్ దీవికి, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీపమునకు, వెళ్ళవలసి ఉంది. అందరూ ఎదురుచూసిన తెల్లని ఇసుక తీరము అక్కడే. పడవ టిక్కెట్లకు డబ్బు కట్టేశాము, తిరిగి రాదు. గురువారము రాత్రి ప్రార్థనలో మేము లేచి మా తప్పు ఒప్పుకున్నాము. "రేపు మేము హావ్‌లాక్ రాము. ఆ తల్లితో వెళతాము" అన్నాము. కొందరు ఏడ్చారు. కొందరికి కష్టము తోచింది. రెండేళ్ళు పాలు పోసి డబ్బు కూడబెట్టిన ఒక సహోదరుడు, "అయ్యగారూ, ఈ మాట ఊర్లోనే చెప్పుంటే బాగుండేది" అన్నాడు. అది న్యాయమే, మాకు జవాబు లేకపోయింది. వెళ్ళదలచినవారు నిస్సంకోచముగా వెళ్ళాలని చెప్పాము. పదిమంది వెళ్ళారు. పన్నెండుమందిమి ఉండిపోయాము. ఉండిపోయినవారిలో అందరికంటె ముందుగా ఓడ ఎక్కుదామన్న యౌవనస్థులు నలుగురున్నారు.

తెల్లవారుజామున ముగ్గురేసి చొప్పున నాలుగు దిక్కులకు బయలుదేరాము. ఫొటోను యౌవనస్థులు ఫోనులోకి ఎక్కించుకున్నారు. డాలీగంజ్ మేస్త్రీలను అడిగాము. సిమెంటు ఇటుకలు చేసేచోట అడిగాము. మధ్యాహ్నము జంగ్లీఘాట్‌లో చేపలు దించే రేవు దగ్గర వల బాగుచేస్తున్న ఒక ముసలాయన ఫొటోను చాలాసేపు చూసి, "కుంటి మేస్త్రి లాగున్నాడు. ఐసు గోదాము దగ్గర కాపలా ఉంటాడు" అన్నారు.

అతడే. ఫొటోలో ఇరవై ఏడేళ్ళ కుర్రవాడు. అక్కడ నెరసిన గడ్డముతో, ఒక కాలు ఈడుస్తూ, నలభై ఏళ్ళు దాటినవానివలె కనబడ్డాడు. 2013లో రెండవ అంతస్తునుండి పడి కాలు విరిగిందట. ఎముక వంకరగా అతుక్కుంది. బేల్దారి పని పోయింది. జంగ్లీఘాట్ జాలరి కుటుంబము ఒకటి తిండి పెట్టి, ఈ కాపలా పని చూపించింది. తల్లిని చూసి అతడు గోదాము గోడకు ఆనుకొని తల దించుకున్నాడు.

"కమ్మలు విడిపించినాక పోను చేద్దామనుకుంటి అమ్మా. ఏడాదికేడాది అట్లే అయిపోయ" అన్నాడు.

"కమ్మలు లేకుంటే పోయె. నీ మాట వినేదానికి చెవులుండాయి కదరా" అని ఆమె అంది. తరువాత అతని కాలు పట్టుకొని చూసి, "ఇన్నాళ్ళు ఎవురు వండి పెట్టినారు నీకు?" అని అడిగింది. వండి పెట్టిన జాలరి ఇల్లాలు పక్కనే నిలబడి ఉంది. ఆమెది శ్రీకాకుళము జిల్లా. ఆమె క్రైస్తవురాలు కాదు. మా అందరికీ కుర్చీలు లేక, వలలు పరిచి కూర్చోమంది. మెలితే ద్వీపములో నిప్పు రాజబెట్టినవారు కూడ ప్రభువును ఎరిగినవారు కారు.

ఆ మూడు దినములు ఆ తల్లి కొడుకు గదిలోనే ఉండి వండి పెట్టింది. మేము దీవిలో మరేమీ చూడలేదు. ఆదివారము తెలుగు ఆరాధనలో అతడు వెనుక వరుసలో కూర్చున్నాడు. హావ్‌లాక్‌నుండి తిరిగి వచ్చిన సహోదరుడు, ఆ రోజు మాతో న్యాయము మాట్లాడినవాడే, అతని పక్కకు పోయి కూర్చుని పాటల పుస్తకము పట్టుకున్నాడు.

ఇంటికి చేరిన తరువాత

అతడు మాతో తిరిగి రాలేదు. తప్పిపోయిన కుమారుని కథవలె ముగిస్తే చదువరులకు సంతోషముగా ఉంటుంది గాని, జరిగినది జరిగినట్లు చెప్పాలి. అప్పు ఇంకా ఉంది. ఊరిలో తలెత్తుకోలేనన్నాడు. 28వ తేదీ సోమవారము రేవులో చేయి ఊపి నిలబడ్డాడు. తల్లి కనబడినంతసేపు చూసింది. కాని ఆమె కొంగు ముడిలో ఇప్పుడు ఒక ఫోను నంబరు ఉంది. 2019 క్రిస్మసుకు అతడు ఇంటికి వచ్చి నెల రోజులు ఉన్నాడు. 2020లో కరోనా వచ్చి ఓడలు, విమానములు నిలిచిపోయినప్పుడు ఆ నంబరే ఆ తల్లిని బ్రతికించింది. ప్రతి ఆదివారము సాయంత్రము మాట్లాడుకున్నారు. కమ్మలు విడిపించలేదు. ఆమె వాటిని అడగలేదు.

అమెరికా సహోదరికి ఈ సంగతంతా రాశాము. ఆ తరువాత ఒక చరిత్ర సంగతి కూడ మాకు తెలిసి ఆమెకు రాశాము. 1854 డిసెంబరు 24న, క్రిస్మసు ముందటి దినమున, ఒరేలీ అనే ఓడ పుదుచ్చేరి వైపునుండి కూలివారిని ఎక్కించుకొని గ్వాడెలూప్ చేరింది. బానిసత్వము రద్దయిన తరువాత చెరకు తోటలకు మనుష్యులు కావలసి వచ్చి, అలాటి ఓడలు ఎన్నో నడిచాయి. వెళ్ళినవారిలో తమిళులు ఎక్కువ, తెలుగువారూ ఉన్నారు. వారి సంతతివారు నేటికీ ఆ దీవిలో ఉన్నారు. ఆమె దిగి ఆరు గంటలు చూసి వచ్చిన రేవు అదే. "అయ్యగారూ, ఆ బుట్టల ముసలమ్మతో నేను ధర తప్ప ఏమీ మాట్లాడలేదు" అని ఆమె జవాబు రాసింది.

ఓడ ఎక్కడము, సముద్రము చూడడము పాపము కాదు. దేవుడు చేసిన సముద్రమును ఆయన పిల్లలు చూడక ఎవరు చూస్తారు? మన పల్లె స్త్రీలు జన్మకొకసారి పొయ్యి దగ్గరనుండి లేచి నీళ్ళమీద మూడు రాత్రులు గడపడము మంచిదే. అయితే ప్రయాణము తలపెట్టే సంఘములకు మా అనుభవమునుండి కొన్ని మాటలు చెబుతాము. బయలుదేరక ముందే, ఆ ఊరిలో మనవారు ఎవరైనా ఉన్నారా అని ప్రతి ఇంటా అడగండి. బొంబాయికో, గల్ఫుకో, అండమానుకో పోయి జాడ తెలియనివారు ప్రతి పల్లెలోనూ ఒకరైనా ఉంటారు. డబ్బు కట్టలేనివారికి ఒకటి రెండు చోట్లు ముందుగానే విడిచిపెట్టండి. అప్పుడు ఏ టీచరమ్మా మోకాళ్ళ నొప్పి తెచ్చుకోనక్కరలేదు. చూడవలసిన స్థలముల పట్టికలో ఒక దినము ఖాళీగా ఉంచండి. దానిని ఎవరికి ఇవ్వాలో ప్రభువు చూపిస్తాడు.

మన సంఘపు పుస్తకములో పేరు ఉండి, ఆదివారము జవాబు రాని వారు ఎవరు? ఈ వారము వారి పేరు ఒకసారి పిలిచి చూడండి. జవాబు రాకపోతే ఆగి, మళ్ళీ పిలవండి.

సముద్రము మీద నడిచి తన శిష్యులయొద్దకు వచ్చిన ప్రభువు, దూర దేశములలో ఉన్న మన బిడ్డలనందరిని కాపాడి, వారి తల్లిదండ్రుల కన్నులకు చూపించును గాక. ఆమేన్.